అడవిలో గురక

ఒక్క ప్రశ్న అడుగుతాను, మొహమాటం లేకుండా జవాబు చెప్పాలి మరి. మారేడుమిల్లి వెళ్ళి, రాత్రి హాయిగా నిద్రపోయి వచ్చినవాళ్ళు మీలో ఎంతమంది? బొంగులో చికెన్ తిన్నాం, అమృతధార చూశాం, జలతరంగిణి దగ్గర కాళ్ళు తడుపుకున్నాం, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఫొటోలు దిగాం. అవన్నీ సరేనండీ, నేనడిగేది నిద్ర సంగతి. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని ఊరందరికీ చెప్పినవాళ్ళే, కాస్త కదిపితే చాలు, అసలు మాట బయటపెడతారు. పక్క గదిలో ఎవరిదో గురక. పై గదిలో పిల్లల పరుగులు. మూడింటికి ఫ్లష్ చప్పుడు. దిగువన ఎక్కడో డీజే. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు పక్కన పడుకుని లారీ హారన్లకు కూడా కన్ను తెరవని మనిషి, రంపచోడవరం దాటి ఇంత అడవిలోకొచ్చి, ఒక్క గురకకి తెల్లవార్లూ జాగారం చేస్తాడు. ఎందుకంటారు?

"కొత్త చోటు కదండీ, అలవాటు లేక" అంటారు. కొంత నిజమే. మిగతాది మాత్రం లెక్కల్లో ఉంది. భయపడకండి, నెగడు ముందు కూర్చుని చెప్పుకోదగిన లెక్కలే.

చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారని మీకు తెలుసు. ఈ డెసిబెల్ మామూలు కూడికలకు లొంగే సరుకు కాదు. పది డెసిబెల్లు పెరిగితే గాలిలో నడిచే శక్తి పది రెట్లవుతుంది, మన చెవికి మాత్రం సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. మీటరు దూరంలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60. ఓ మోస్తరు ఘనమైన గురక కూడా అక్కడికే వస్తుంది. పక్క గదికీ మీకూ మధ్యనున్న గోడ అందులో 30 ఆపిందనుకోండి, మీ దిండు దగ్గరికి చేరేది 30. ఊళ్ళో ఫ్యాను తిరుగుతూ, వీధిలో ఆటోలు పోతూ ఉన్న గదిలో ఎప్పుడూ 35, 40 ఉంటుంది. ఆ 30 అందులో కలిసి మునిగిపోతుంది, మీకు వినపడనే వినపడదు. మారేడుమిల్లిలో శీతాకాలం, ఫ్యాను అక్కర్లేదు, రోడ్డు నిద్రపోయింది, గదిలో ఉన్నది 20, 25. ఇప్పుడా 30 పైకి తేలి కూర్చుంటుంది. ఊపిరి పీల్చడం, ఆపడం, మళ్ళీ మొదలెట్టడం, అన్నీ వివరంగా వినిపిస్తాయి. మనిషి మారలేదు, గురక మారలేదు, గోడా మారలేదు. మీ చుట్టూ ఉన్న చప్పుడు తగ్గింది, అంతే.

ఈ కబుర్లన్నిటికీ మూలం అదే. ఎంత ప్రశాంతమైన చోట కడితే గోడ అంత గట్టిగా ఉండాలి. మనవాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. హైవే పక్క హోటలుకి తొమ్మిదంగుళాల గోడ, మందపాటి గాజు కిటికీ పెడతారు. అడవిలో కాటేజీ అనగానే "ఇక్కడ చప్పుడేముందండీ" అని ప్లైవుడ్డో, సిమెంటు బోర్డో బిగించి, పైన వెదురు తాపడం చేసి, రాత్రికి వేలల్లో అద్దె పుచ్చుకుంటారు.

"మరి అడవిలో కీచురాళ్ళుంటాయి కదా, అవి గురకను కప్పెయ్యవా?" అని మీలో తెలివైనవారు అడుగుతారని తెలుసు. మంచి ప్రశ్న. కీచురాయి గొంతు సన్నం, గురక బొంగురు. మన చెవి నిర్మాణం ఎలాంటిదంటే, బొంగురు చప్పుడు సన్నని చప్పుడును తేలిగ్గా కప్పేస్తుంది గానీ, సన్నది బొంగురును కప్పలేదు. పైగా చలి ముదిరితే ఆ పురుగులూ సద్దుమణుగుతాయి. అదే ఏటి పక్కన గది దొరికిందనుకోండి, మీ అదృష్టం పండిందన్నమాటే. రాళ్ళ మీద నీళ్ళు పడే చప్పుడులో బొంగురూ సన్నమూ అన్నీ కలిసుంటాయి, ఎడతెగకుండా ఉంటుంది, అందులో తలతిప్పి వినాల్సిన కబురేమీ ఉండదు. పక్క గది సంభాషణ దాని వెనక్కి పోతుంది. కాటేజీ కట్టేవాళ్ళు కిటికీని ఏటివైపు పెట్టి, తలుపును దారివైపు పెడితే పైసా ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది. చాలాచోట్ల కిటికీ కార్లు ఆపే చోటు వైపు ఉంటుంది. ఎందుకంటే, కారు కనపడుతూ ఉండాలట!

గోడ సంగతికొద్దాం. చప్పుడును ఆపేది ముఖ్యంగా బరువు. పిండి కొద్దీ రొట్టె. గాలిలో వచ్చిన చప్పుడు గోడను తట్టి కదిలిస్తుంది, కదిలిన గోడ అవతలి గాలిని కదిలిస్తుంది. గోడ ఎంత బరువుంటే అంత తక్కువ కదులుతుంది. బరువు రెట్టింపు చేసిన ప్రతిసారీ లెక్క ప్రకారం సుమారు ఆరు డెసిబెల్లు కలిసొస్తాయి, పనిలోకి దిగితే ఒకటో అరో తగ్గుతుంది. రెండువైపులా ప్లాస్టరింగు చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 45 డెసిబెల్ల దాకా ఆపుతుంది. తొమ్మిదంగుళాలదైతే 50 దాకా. చూశారా, ఇటుకలు రెట్టింపు పెట్టినా లాభం అయిదే. కాబట్టి గోడను లావు చేసుకుంటూ పోవడంలో ఒక హద్దు దాటాక అర్థం లేదు. అంతకన్నా ముందు చూడాల్సింది సందులు.

సందు విషయంలో మాత్రం చప్పుడు నీళ్ళకన్నా గడుసుది. బిందెకు చిల్లుంటే నీళ్ళు చిల్లు మేరకే కారతాయి, సందులోంచి వచ్చే చప్పుడు గోడ మొత్తం పరువు తీస్తుంది. లెక్క చూడండి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గోడ. దాని శక్తి 50 డెసిబెల్లు, అంటే లక్ష వంతుల్లో ఒక వంతే అవతలికి పోనిస్తుంది. ఆ గోడలో రెండు గదులకూ మధ్య ఒక తలుపు. తలుపు కూడా గోడంత గట్టిదేననుకుందాం. కింద మాత్రం తొంభై సెంటీమీటర్ల పొడవున ఒక్క సెంటీమీటరు సందుంది. గోడ మొత్తంలో ఆ సందు వెయ్యో వంతు. అక్కడికి వచ్చిన చప్పుడంతా దర్జాగా నడిచిపోతుంది గనక, అవతలికి చేరేది వెయ్యిలో ఒక వంతు. మీ 50 డెసిబెల్ల గోడ కాస్తా 30 అయిపోయింది! ఇటుకలకూ సిమెంటుకూ పెట్టిన డబ్బంతా తలుపు కిందనుంచి జారిపోయింది.

మన పాత ఇళ్ళకు గడప ఉండేది, గుర్తుందా? పసుపు పూసి, ముగ్గేసి, "దాని మీద కూర్చోకురా" అని అమ్మమ్మలు కసిరే ఆ గడప. తలుపు వచ్చి దానికి ఆనుకునేది, కింద సందుండేది కాదు. తేలు, పాము రాకుండా ఉండడానికి పనికొచ్చిన ఏర్పాటే చప్పుడును కూడా ఆపేది. ఇప్పుడు సూట్‌కేసు చక్రాలకు అడ్డమనీ, టైల్సు ఆ గదినుంచి ఈ గదికి ఏకంగా సాగిపోతే అందమనీ గడప తీసేశాం. తీస్తే తీశాం, తలుపు అడుగున ఒక రబ్బరు పట్టీ అయినా బిగించుకోవాలి కదా. చుట్టూ చౌకట్టుకు మరో పట్టీ. ఇల్లు సౌండ్‌ప్రూఫు చేయిస్తామని వచ్చేవాళ్ళకు లక్షలు ధారపోసే ముందు ఇంత మాత్రం చేసి చూడండి.

కాటేజీల్లో ఇంకో దొంగదారి ఉంది. ఒకే కప్పు కింద రెండు గదులు. మధ్య గోడ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వేలితో కొడితే గట్టిగానే ఉంటుంది. పైకి చూస్తే ఫాల్స్ సీలింగు, వెదురు చాపలతో ముచ్చటగా ఉంటుంది. ఆ చాపకు పైనేముందో ఎవరూ చూడరు. మధ్య గోడ అక్కడితో ఆగిపోయి ఉంటుంది! ఆ పైన కప్పు దాకా ఖాళీ. పక్క గది మాట చాపలోంచి పైకెక్కి, గోడ మీదుగా దాటి, మీ చాపలోంచి మీ మంచం మీదకు దిగుతుంది. నేను దిగిన ఒక చోట సరిగ్గా ఇదే బాగోతం. పక్క గదిలో కొత్త దంపతులు మర్నాడు పొద్దున్నే ఎన్నింటికి లేవాలన్న విషయం మీద చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆరింటికని తేల్చారు. ఆరింటికి వాళ్ళు లేవలేదు గానీ, నేను లేచాను.

గోడ పైకప్పు దాకా పోవాలి. స్విచ్ బోర్డులు గోడకు రెండువైపులా ఒకే చోట ఎదురెదురుగా పెట్టకూడదు, అక్కడ గోడ డొల్లవుతుంది. బాత్రూం గొట్టం మంచం తలవైపు గోడలోంచి దిగకూడదు. రెండు గదుల మంచాలూ ఒకే గోడకు ఆనకూడదు, మధ్యలో బీరువాలో, బాత్రూములో వచ్చేలా ప్లాను గీసుకోవాలి. ఇవేవీ కొత్త విషయాలు కావు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో, ఎనిమిదో భాగంలో, ధ్వని గురించి ఒక విభాగమే ఉంది. అంతకు ముందు, 1962లోనే ఇళ్ళలో చప్పుడు ఆపే పద్ధతులకు ఒక భారతీయ ప్రమాణం అచ్చయింది. మేస్త్రీ దాకా ఆ పుస్తకం దిగాలి, అంతే.

"కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే సరిపోతుందటగా?" ఈ మాట వినని ఊరు లేదు. థర్మోకోల్ పెట్టమనేవారు కొందరు, స్పాంజి పెట్టమనేవారు కొందరు. ఇక్కడ రెండు వేర్వేరు పనులను మనం కలిపేస్తున్నాం. చప్పుడును అవతలికి పోకుండా ఆపడం ఒకటి. గదిలో పుట్టిన చప్పుడు ఆ గదిలోనే గోడల మధ్య పొర్లకుండా పీల్చెయ్యడం రెండోది. ఆపడానికి బరువు, బిగువు కావాలి. పీల్చడానికి మెత్తన, గాలి దూరే గుణం కావాలి. కోడిగుడ్ల అట్టకు బరువు లేదు, కాబట్టి పక్కింటివాళ్ళ టీవీ ముందు దాని ఆటలు సాగవు. పీల్చడంలోనూ అంతంతమాత్రమే.

పీల్చడం అన్నది శాస్త్రంగా మారిన కథ సరదాగా ఉంటుంది. 1895లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఫాగ్ మ్యూజియం అని కొత్త భవనం కట్టారు. అందులో ఉపన్యాసాల హాలు. మేష్టారు ఒక మాటంటే అది అయిదున్నర సెకన్లపాటు హాల్లోనే తిరుగుతుండేది. ఆలోగా ఆయన పదిహేను మాటలు అనేసేవాడు, అన్నీ కలిసి కిచిడీ. వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు మేష్టారికి ఈ తద్దినం అప్పగించారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఊళ్ళో ట్రాములాగి సద్దుమణిగాక, ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఆ చప్పుడు ఎన్ని సెకన్లలో చచ్చిపోతోందో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్ళీ థియేటరులో ఉండాలి. ఇన్ని మెత్తలు వేస్తే ఇంత తగ్గింది, ఇంకాసిని వేస్తే ఇంకా తగ్గింది, అలా రాసుకుంటూ పోయి 1898 నాటికి సూత్రం కట్టాడు. గది పెద్దదయ్యేకొద్దీ చప్పుడు ఎక్కువసేపు నిలుస్తుంది, పీల్చే సరుకు పెరిగేకొద్దీ తొందరగా పోతుంది. ఆ సూత్రం పట్టుకుని కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరిచారు. ప్రపంచంలో మంచి సంగీతశాలలని చెప్పేటప్పుడు ఇప్పటికీ దాని పేరు ముందు వరసలో వస్తుంది.

మారేడుమిల్లి కబుర్లు చెబుతానని బోస్టన్ పోయానని తిట్టుకోకండి. వెనక్కి వస్తున్నా, అక్కడి గిరిజనులు కొండరెడ్ల ఇంటికే వస్తున్నా.

కొండరెడ్డి ఇల్లు చూశారా? రోడ్డు మీద నుంచి కాదు, లోపలికి వెళ్ళి. వెదురు దడి, దాని మీద మట్టి మెత్తు, పైన గడ్డి కప్పు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ మీద ఒక పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. మనం మాత్రం రిసార్టు గోడకు వెదురు పేళ్ళు అంటించి, "గిరిజన శైలి" అని బోర్డు పెట్టి, వాళ్ళ ఇంటిలో అసలు పనిచేసేది ఏదో అదే వదిలేశాం. అదేమిటంటే, ఆ మట్టి. ఒట్టి వెదురు దడి చప్పుడు ముందు గోడే కాదు, నిండా సందులు. దాని మీద రెండువైపులా మట్టి మెత్తగానే సందులు మూసుకుపోతాయి, బరువు వచ్చి కూర్చుంటుంది. ఇందాక ఇటుక గోడకు చెప్పుకున్న రెండు గుణాలూ అక్కడే ఉన్నాయి. కొండ మీదకు ఇటుక మోయడం కష్టమని ప్లైవుడ్డు వాడే వాళ్ళు, కాళ్ళకింద ఉన్న మట్టిని ఎందుకు మరిచిపోతారో!

గడ్డి కప్పు చప్పుడును గట్టిగా ఆపుతుందని నేననను, అంత బరువు దానికి లేదు. కానీ లోపలి మాటను పీల్చేస్తుంది, సబైన్ మెత్తలు చేసిన పని అదే. అందుకే గడ్డింట్లో మాట పొడిగా, దగ్గరగా వినిపిస్తుంది. ఇక మూడోది, ఇంటికీ ఇంటికీ మధ్య వదిలిన దూరం. ఆరుబయట చప్పుడు దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్లు కోల్పోతుంది. మీటరు దగ్గర 60 ఉన్న మాట 2 మీటర్ల దగ్గర 54, నాలుగు దగ్గర 48, అలా దిగుతూ 32 మీటర్లకు చేరేసరికి 30. ఆ పైన మట్టిగోడ దాటాలి. అప్పటికి అందులో మాట మిగలదు, మనిషి ఉన్నాడన్న అలికిడి మిగిలితే గొప్ప. నాలుగు సెంట్లలో పది గదులు ఇరికించే చోట ఈ దూరం ఖరీదైన సరుకు, నిజమే. కొండ మీద ఎకరాలకు ఎకరాలు పెట్టుకుని కూడా కాటేజీలన్నిటినీ వరసగా అంటించి కట్టేవాళ్ళను ఏమనాలి?

గూడెం మారుతోంది, మారాలి కూడా. ఏటేటా గడ్డి కోసి కప్పు నేయడం ఎంత చాకిరీయో, నిప్పుతో ఎంత భయమో చేసేవాళ్ళకు తెలుసు. చూసి మురిసిపోయే మనకేం తెలుస్తుంది. కొండరెడ్లు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో ఉన్నారు. ఆ తెగల కోసం 2023 నవంబరులో పీఎం జన్‌మన్ అని పథకం పెట్టి పక్కా ఇళ్ళు ఇస్తున్నారు. స్లాబు పడితే మంచిదే. బాధల్లా రేకులతోనే. మన్యంలో వాన అంటే మన పట్నాల వాన కాదండీ. జూన్‌లో మొదలైతే రోజుల తరబడి వదలదు. పల్చటి ఇనుప రేకు మీద ఒక్కో చినుకూ ఒక్కో సుత్తిదెబ్బ. రేకుకు బరువు లేదు, బిగించి ఉంది, కొట్టిన ప్రతి దెబ్బకూ మోగుతుంది. గడ్డి మీద పడిన చినుకు అక్కడే చచ్చిపోతుంది. పెంకు, స్లాబు బరువుతో దాన్ని మింగేస్తాయి. రేకు ఒక్కటే చినుకును అలాగే మనకు అప్పజెబుతుంది.

ఇంట్లో అయితే మాటలాపి కాసేపు వాన చూస్తూ కూర్చోవచ్చు. బడిలో? పిల్లలకు మాట స్పష్టంగా అందాలంటే మేష్టారి గొంతు చుట్టూ ఉన్న చప్పుడుకన్నా 15 డెసిబెల్లు పైన ఉండాలన్నది తరగతి గదులకు నిపుణులు ఒప్పుకున్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పిన ప్రకారం, పాఠం జరిగే గదిలో వెనకటి చప్పుడు 35 దాటకూడదు. జోరువానలో రేకుల షెడ్డు కింద మేష్టారు ఎంత అరిచినా ఆ 15 ఎక్కడ తేగలడు? ముందు బెంచీలో కూర్చున్నవాడికి సగం, వెనకవాడికి పెదాల కదలిక. అందులోనూ కొందరు పిల్లలకు ఇంటిమాట వేరు, బడి తెలుగు వేరు. వినపడని అక్షరాన్ని ఊహించి పూరించుకోవడం మనకు చేతనవుతుంది, ఆ భాష ఇంకా పూర్తిగా పట్టుబడని పిల్లవాడికి చేతకాదు. వానాకాలం చదువు అని మనం వెక్కిరింపుగా అంటాం గానీ, రేకుల కింద అది అక్షరాలా జరిగేదే.

మందు పెద్ద ఖరీదేమీ కాదు. రేకుల మీద గడ్డి గానీ తాటాకు గానీ పరిచి కడితే చినుకు రేకును ముట్టుకోదు, ఎండాకాలం వేడీ తగ్గుతుంది. నిప్పు భయం ఉన్నచోట కింద రాక్‌వూలు, దాని కింద బోర్డుతో సీలింగు వేయాలి. రేకుకూ ఇనుప దూలానికీ మధ్య రబ్బరు ముక్కలు పెడితే మోత దూలం పట్టుకుని గోడల్లోకి పాకదు. కొత్తగా కట్టేటప్పుడైతే రేకు మాటే ఎత్తకుండా ఉంటే ఇంకా మేలు.

ఇప్పుడు డీజే దగ్గరకు వద్దాం. ఇందాకటి నుంచి మీలో కొందరు దానికోసమే చూస్తున్నారని నాకు తెలుసు. "చుట్టూ అడవి, చెట్లు ఆపెయ్యవా?" అని చాలామంది నమ్మకం. చెట్లు మనసుకు చేసే మేలు వేరు, చెవికి చేసేది చాలా తక్కువ. ముప్పై మీటర్ల దట్టమైన పొద అడ్డుపడినా తగ్గేది ఏవో నాలుగు డెసిబెల్లు, అవీ సన్నని శబ్దాల్లోనే. డీజే బాక్సులోంచి వచ్చే ఆ దడదడ ఆకుల సందుల్లోంచి ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. ఆపేది కొండ. మీకూ ఆ బాక్సుకూ మధ్య ఒక గట్టు అడ్డం ఉండి, ఇక్కడి నుంచి అక్కడికి చూపు ఆనకపోతే అదే పెద్ద గోడ. అందుకే ఘాట్‌లో ఒక మలుపు తిరగ్గానే వెనకొచ్చే బస్సు మోత ఠక్కున కోసేసినట్టు పోతుంది. మలుపు దగ్గర హారన్ కొట్టమని బోర్డులు పెట్టేదీ అందుకే, ఆ మలుపు అవతలి బండి కనపడదు, దాని మామూలు మోత ఇవతలికి సరిగ్గా రాదు.

దానికి తోడు, రాత్రి లోయకు ఒక లక్షణం ఉంది. పగలు నేల దగ్గర గాలి వేడిగా, పైన చల్లగా ఉంటుంది, చప్పుడు పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. రాత్రి పొద్దుపోయాక చల్లగాలి లోయలోకి దిగి పడుకుంటుంది, పైగాలి దానికన్నా వెచ్చగా ఉంటుంది. అప్పుడు చప్పుడు కిందికి వంగి, లోయ పొడుగునా పాకుతుంది. దూరపు గూడెంలో కొట్టే డప్పు పగలు వినపడకపోయినా రాత్రి పక్కనే ఉన్నట్టు వినిపించేది ఇందుకే. పండగ డప్పు ఏడాదికి కొన్నాళ్ళు. వారం వారం శనివారం రాత్రి వచ్చే డీజేకి కూడా లోయ అదే సాయం చేస్తుంది, మరి దానికి తేడా తెలీదు.

చట్టం ఉందా అంటే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. సొంత స్థలంలో పెట్టుకున్న సౌండు ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ హద్దు మీద అయిదుకు మించి ఉండకూడదు. 2005 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది, ఒకరి వినోదం కోసం ఇంకొకరు బలవంతంగా వినాల్సిన పనిలేదంది. అంతా బాగానే ఉంది. కానీ ఈ అంకెలు ఊరిని చూసి రాసినవి. రాత్రి 45 దగ్గర ఉండే కాలనీలో సరిహద్దు మీద 50 అంటే కాస్త ఎక్కువ. 25, 30 దగ్గర ఉండే అడవిలో అదే 50 అంటే చెవికి కనీసం నాలుగు రెట్లు. చట్టం దాటకుండానే లోయంతా లేపవచ్చు! మళ్ళీ అదే మాట దగ్గరకొచ్చాం చూశారా? ప్రశాంతమైన చోటికి వేరే కొలబద్ద కావాలి. అది రాసేదాకా కొండమీద గదులిచ్చేవాళ్ళే పదిగంటలకు బాక్సులు కట్టేయిస్తామని అతిథులకు ముందే చెప్పేస్తే గొడవ వదులుతుంది.

కరెంటు పోతే జనరేటరు. దాని బొంగురు మోత గాలిలో కొంత, నేలలో కొంత వస్తుంది. గాలిలోది గోడ కొంత ఆపుతుంది. నేలలోది గోడనే పట్టుకుని ఎక్కి, మంచం కోళ్ళలోంచి ఎముకల్లోకి వస్తుంది. దాన్ని గదులకు దూరంగా, వీలైతే గట్టు చాటున, రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాలి. పై గదిలో కుర్చీ ఈడ్చినప్పుడు మీ తల మీద పడే చప్పుడు కూడా ఈ జాతిదే. దానికి కింద సీలింగు వేసుకోవడం కన్నా పైన చాప పరవడం మేలు, దెబ్బను పుట్టిన చోటే చంపాలి. పాతకాలపు ఇళ్ళలో రోలు పెరట్లో నేల మీద ఉండేది, ఎంత దంచినా పడకగది కదిలేది కాదు. ఇప్పుడు మూడో అంతస్తులో గ్రానైటు దిమ్మ మీద మిక్సీ పెట్టి, రెండో అంతస్తువాళ్ళకు ఉదయాన్నే చట్నీ సుప్రభాతం వినిపిస్తున్నాం.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. ఈమధ్య కొండల మీద గుమ్మటం గదులు తయారయ్యాయి, ఫొటోల్లో భలే ఉంటాయి. గుండ్రని గోడ చప్పుడును చెదరగొట్టదు, పోగేసి ఒకచోట పోస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలా హిస్సార్ మీద వినిపించడం మీరు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించే ఉంటారు. మన విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్, 1921లో లండన్ వెళ్ళినప్పుడు సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కింది గుసగుసల వసారాలో చప్పుడు గోడనంటుకుని ఎలా పాకుతుందో ప్రయోగాలు చేశాడు. బిజాపూర్ గోల్ గుంబజ్ గురించీ రాశాడు. కోటకు అది కావలికి పనికొచ్చింది, రామన్‌కు శాస్త్రానికి పనికొచ్చింది. భార్యాభర్తలూ, పిల్లలూ, అత్తగారూ కలిసి ఒకే గుమ్మటం గదిలో దిగితే ఎందుకు పనికొస్తుంది? ఆ మూల గొణిగింది ఈ మూల పూసగుచ్చినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఒక మందపాటి దుప్పటి తెరగా కట్టి, గోడల మీద గుడ్డ వేలాడదీస్తే కొంత శాంతి.

ఇంతా చెప్పి, కొండమీద హోమ్‌స్టే కట్టబోయే వాళ్ళకు నా చేతనైన వరస చెబుతాను. ముందు చోటు: గట్టు చాటు, ఏటి గలగల, గదుల మధ్య ఎడం. ఇవి ఉచితం. తరవాత ప్లాను: మంచాలు ఎడం, బాత్రూములు మధ్యన. ఇదీ ఉచితమే. ఆ తరవాత సందులు: తలుపు కింద పట్టీ, గోడ కప్పు దాకా. ఇవి వేలల్లో తేలతాయి. చివరికి గోడ బరువు, కప్పు బరువు, వాటికి లక్షలవుతాయి. మొదటి మూడూ చేసినవాడికి నాలుగోదానిలో చాలా మిగులుతుంది. మనవాళ్ళు నాలుగోదానితో మొదలెడతారు, డబ్బులు చాలక అక్కడే ఆపేస్తారు.

మనం వెళ్ళేవాళ్ళం మాత్రం చేయగలిగింది ఒకటుంది. ఫోన్లో గది మాట్లాడేటప్పుడు వేడినీళ్ళు వస్తాయా, వైఫై ఉందా, బొంగులో చికెన్ గదికి తెచ్చిస్తారా అని అడుగుతాం కదా. ఈసారి ఇంకో ప్రశ్న కలపండి: "బాబూ, పక్క గదికీ మా గదికీ మధ్య గోడ కప్పు దాకా వెళ్ళిందా, సీలింగు దగ్గర ఆగిందా?" మొదట పదిమంది అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు బిత్తరపోతాడు. వందమంది అడిగాక ఓనరు నిచ్చెన తెప్పించి, సీలింగు పలక తీసి చూస్తాడు. చూశాడంటే కట్టిస్తాడు.